ఆడపిల్ల అక్కడి పిల్లా? – 'ఇవ్వడం' అనే మాట వెనక

ఆస్తిహక్కు గురించి మన సంఘాల్లో మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా చట్టం దగ్గర మొదలుపెడతాం. సెక్షన్లు చెప్తాం, తేదీలు చెప్తాం, కరపత్రాలు పంచుతాం. అంతా విన్నాక కూడా చాలామంది ఆడవాళ్ళు "ఒకింటికి ఇచ్చేశాక పుట్టింట్లో మాకేం వుంటుందమ్మా?" అంటారు. చట్టం తెలియక అంటున్న మాట కాదిది. తెలిసిన తర్వాత కూడా అంటున్నారు. చట్టం కంటే పాతదీ, చట్టం కంటే లోతుగా నాటుకున్నదీ అయిన ఒక మాట వాళ్ళ చేత అలా అనిపిస్తోంది. ఆ మాట 'ఇవ్వడం'. దాని చరిత్రను కొంచెం తవ్వి చూడాలన్నది ఈ వ్యాసంలో నా ప్రయత్నం. అందుకోసం చట్టం దగ్గర కాకుండా కవుల దగ్గర మొదలుపెడుతున్నాను.

స్త్రీల భూమి హక్కుల గురించి నేను మాట్లాడుతూ వస్తున్న ఊళ్ళలో నాదెండ్ల ఒకటి. 2022లో గుంటూరు జిల్లా నుంచి విడిపోయిన పల్నాడు జిల్లాలో వుంది. పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు. గణపవరం వైపు నూలు మిల్లులు. కొండవీడు కోట ఇక్కడికి దగ్గరే. సాహిత్య చరిత్ర చదివినవాళ్ళకు ఈ ఊరు ఒక ఇంటిపేరుగా తెలుసు. శ్రీకృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరుసు మేనల్లుళ్ళు నాదెండ్లవారు. 1515లో రాయలు కొండవీటిని గెలిచాక ఆ దుర్గాన్ని పాలించిన నాదెండ్ల గోపమంత్రి వారిలో ఒకరు. ఆయన సోదరుడు అప్పామాత్యుడు. మాదయగారి మల్లన తన 'రాజశేఖర చరిత్రము'ను అంకితం ఇచ్చింది ఈ అప్పామాత్యుడికే.

అంకితం పుచ్చుకున్న వ్యక్తిని మన సాహిత్యం ఏమని పిలిచింది? కృతిభర్త. కృతిపతి. కృతినాయకుడు. కావ్యాన్ని కృతికన్య అంది. కవి ఆ కన్యకు తండ్రి. తగిన వరుణ్ణి వెతికి, మంచి ముహూర్తం చూసి, కన్యను అతని చేతిలో పెడతాడు. ఇది ఒక్క మల్లన పద్ధతి కాదు, ఒక్క నాదెండ్లవారి గొప్పా కాదు. కొన్ని వందల ఏళ్ళపాటు తెలుగు కవులు తమ పనిని గురించి చెప్పుకున్న తీరే ఇది.

ఈ పదాలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

'కృతి' అంటే చేయబడినది. చేయడం అనే అర్థమున్న 'కృ' ధాతువు నుంచి వచ్చింది. కూర్చుని, ఆలోచించి, కష్టపడి చేసిన పని అన్నమాట. అలాంటి పని ఎందుకు కన్య అయింది? సంస్కృతంలో కృతి స్త్రీలింగ శబ్దం కాబట్టి అని వ్యాకరణం చెప్పి సరిపెట్టుకోవచ్చు. కానీ నపుంసకలింగమైన కావ్యాన్ని కూడా మనవాళ్ళు 'కావ్యకన్య' అన్నారు. అంటే కారణం వ్యాకరణంలో లేదు, ఇవ్వడంలో వుంది. ఒక మగవాడు ఇంకో మగవాడికి ఇవ్వదగిన విలువైన వస్తువు ఏది అనుకోగానే కవి మనసులో మెదిలింది పెళ్ళికాని కూతురు.

'అంకితం' అంటే గుర్తు వేయబడినది. అంకం అంటే గుర్తు, ముద్ర. ఫలానావారిది అని ముద్ర పడ్డాక ఆ వస్తువు ఎవరిదో ఇక అడగనక్కర్లేదు. ఈ మాట మనకు ఇంకోచోట కూడా ఎదురవుతుంది. చిన్నపిల్లల్ని దేవతకు వదిలిపెట్టే జోగిని, బసివి, మాతంగి ఆచారాల గురించి చెప్పేటప్పుడు కూడా 'అంకితం చేశారు' అనే అంటాం. 1988లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన దేవదాసీ నిషేధ చట్టం పేరులోనే ఆ అంకితం అనే భావన వుంది. పుస్తకానికీ పసిపిల్లకూ ఒకే క్రియ సరిపోయిందంటే ఆ క్రియను మనం అనుమానంగానే చూడాలి.

ఇక 'భర్త'. భరించడం, పోషించడం అనే అర్థమున్న 'భృ' ధాతువు నుంచి పుట్టింది. భర్త అంటే పోషించేవాడు. అదే ధాతువు నుంచి వచ్చిన 'భార్య' అంటే పోషింపబడవలసినది. కుటుంబం ఇదేలే అని ఊరుకోకుండా ఆ ధాతువు సంతానం మిగతావాళ్ళను కూడా పలకరించండి. భృత్యుడు, అంటే సేవకుడు. భృతి, అంటే జీతం, జీవనాధారం. భరణం, అంటే విడిచిపెట్టిన భర్త మీద భార్య కోర్టులో అడిగేది. యజమానికీ పనివాడికీ వున్న సంబంధం, భర్తకూ భార్యకూ వున్న సంబంధం ఒకే ధాతువు కింద చేరాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది. తనను పోషించుకోలేని మనిషిగా నిరూపించుకుంటేనే భార్యకు భరణం అన్న సూత్రం మారలేదు.

ఇదంతా అలంకారమే కదా, కవులు అందంగా చెప్పుకున్న ఒక పోలికే కదా, దీన్ని పట్టుకుని వాదించడం ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. పోలిక గాల్లోంచి పుట్టదు. వినేవాళ్ళకు బాగా తెలిసిన దానితోనే ఎవరైనా పోలుస్తారు. కావ్యావతారిక నడిచే తీరు చూడండి. కృతిభర్త వంశవర్ణన వస్తుంది, పెళ్ళిలో ప్రవర చదివినట్టు. ఆ తర్వాత షష్ఠ్యంతాలు వస్తాయి. ఇంతటివాడికి, అంతటివాడికి, ఫలానా వారి కుమారుడికి అని ప్రతి పద్యమూ 'కి', 'కు' లతో ముగుస్తుంది. ఎవరికి ఇస్తున్నామన్నదే అక్కడ ముఖ్యం. ఇచ్చేవాడి పేరు వుంది, పుచ్చుకునేవాడి ఏడు తరాల పేర్లు వున్నాయి. మధ్యలో చేతులు మారుతున్న కన్యకు మాత్రం అభిప్రాయం లేదు. కృతికి వుండదు, నిజమే. కానీ ఆ పోలిక పాఠకులకు సహజంగా అనిపించిందంటే కూతురికి కూడా వుండదని అందరూ అనుకున్నట్టే.

రాజులకు ఇవ్వకుండా దేవుడికి ఇచ్చిన పోతనను మనం ఎంతో గౌరవంగా తలచుకుంటాం. రాజాస్థానాన్ని కాదనడం చిన్న విషయం కాదు. అయినా ఒక సంగతి గమనించాలి. అక్కడ వరుడు మారాడు, దానం అలాగే వుంది.

ఆడవాళ్ళే కవులైనప్పుడు ఏం జరిగింది? పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో 'రాధికా సాంత్వనం' రాసిన ముద్దుపళని తన పరిచయం చెప్పుకుంటూ తన కుటుంబంలోని ఆడవాళ్ళను, వాళ్ళ విద్వత్తును తలచుకుంది. పెళ్ళి వ్యవస్థకు బయట వుంచిన గణిక కాబట్టి ఆమెకు ఆ వీలు దొరికింది. ఆ పుస్తకాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే పెద్దమనుషులకు అది అశ్లీలంగా కనిపించింది, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. శృంగారం రాసిన మగకవుల పుస్తకాలు ఆ కాలంలోనే పాఠాలుగా చదువుకుంటున్నారు. ఇంకా దగ్గరికొస్తే, 1993లో 'నీలిమేఘాలు' సంకలనంలోకి చేరిన కవయిత్రులు వంటింటి మాటల్ని, పురిటి గది మాటల్ని, పైట లాంటి మాటల్ని కవిత్వంలోకి తెచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. కవిత్వ భాష అంటే ఏమిటో నిర్ణయించే హక్కు ఎవరిది అన్నదే రెండుసార్లూ అసలు తగాదా.

కవుల మాట నుంచి ఇప్పుడు ఇంటి మాటకు వద్దాం. ఎందుకంటే కృతికన్యను ఇచ్చిన క్రియతోనే మనం ఇప్పటికీ పిల్లల్ని ఇస్తున్నాం. "మీ పెద్దమ్మాయిని ఎక్కడిచ్చారు?" "చిలకలూరిపేట ఇచ్చాం." ఇంతకంటే మామూలు సంభాషణ తెలుగులో ఇంకొకటి లేదు. కొడుకును ఎవరూ 'ఇవ్వరు'. కొడుక్కి 'చేసుకుంటారు'. ఇంట్లో పెట్టుకున్న అల్లుణ్ణి 'ఇల్లరికం' అని కొంచెం చులకనగా అంటారు, అతను తన స్థానం వదులుకున్నాడని.

ఈ ఇవ్వడాన్ని సమర్థించడానికి మన ఊళ్ళలో ఒక శబ్దార్థం వాడుకలో వుంది. "ఆడపిల్ల అంటేనే ఆడ పిల్ల, ఈడ పిల్ల కాదు" అంటారు. ఆడ అంటే అక్కడ. పుట్టినప్పటి నుంచే ఆమె అక్కడిది, అత్తింటిది. పంచాయితీల్లో, పెళ్ళి మాటల్లో, పొలం పంపకాల్లో పెద్దమనుషులు ఈ మాటను సామెతలా వాడతారు. పల్నాడులో అక్కడ, ఇక్కడ అనడానికి 'ఆడ', 'ఈడ' అనే వాడుక వుంది కాబట్టి ఆ శ్లేష వెంటనే అతుక్కుంటుంది. మాట పుట్టుకలోనే వుంది కదా అంటే ఇక ఎదురు చెప్పేదేముంది?

కానీ ఆ పుట్టుక అబద్ధం. అక్కడ అనే అర్థమున్న 'ఆడ' వేరు. 'ఆ ఎడ', అంటే ఆ చోటు, వాడుకలో కుదించుకుపోయి 'ఆడ' అయింది. 'ఈ ఎడ' ఈడ అయింది. ఆడపిల్లలోని 'ఆడు' దీనికి సంబంధం లేని ద్రావిడ పదం. స్త్రీ అని, స్త్రీజాతికి చెందినదని దాని అర్థం. ఆడది, ఆడవారు, ఆడపడుచు, పాత కావ్యాల్లో స్త్రీ అనే అర్థంలో కనిపించే 'ఆటది', ఇవన్నీ దాని కుటుంబమే. నిఘంటువు అక్కర్లేకుండా కూడా దీన్ని తేల్చుకోవచ్చు. ఆడకుక్క అంటాం. ఆడపులి అంటాం. వాటిలో ఏది అక్కడిది?

నాదెండ్లలో ఈ విషయం మాట్లాడుకుంటున్నప్పుడు ఒక పెద్దావిడ నా కంటే బాగా చెప్పింది. "మా గేదె ఈనితే ఆడదూడ పుట్టాలని మొక్కుకుంటాం. మగదూడనైతే అమ్మేస్తాం. మరి ఆడదూడ ఈడే వుంటది గదమ్మా!" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో వందల ఏళ్ళ శబ్దార్థం ఒకటి కూలిపోయింది. పాలిచ్చే ఆడది ఇంట్లో వుండాలి, వాటా అడిగే ఆడది మాత్రం 'ఆడ' వుండాలి అన్నమాట.

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తే అది కూడా ఈ మాటల నీడలోనే నడిచిందని అర్థమవుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు వుంటుందని ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికీ దారి చూపిన చట్టం అది. ఆ గౌరవం దానికి దక్కాలి. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఇద్దరిలో అక్కకు హక్కు లేదు, చెల్లెలికి వుంది. తేడా ఏమిటి? అక్కను అప్పటికే 'ఇచ్చేశారు'. కృతికన్య తర్కమే శాసనసభ దాకా వెళ్ళిందన్నమాట.

2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఈ పెళ్ళి గీత చెరిగిపోయింది. తండ్రి ఆ రోజుకు బతికి వుండాలా వద్దా అన్న గందరగోళం ఇంకో పదిహేనేళ్ళు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కూడా తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి 2005 నాటికి తండ్రి బతికి వుండాల్సిన అవసరం లేదంది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడడానికి వీల్లేదు. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి విషయంలో, ఆయన వీలునామా రాయకపోతే, 1956 చట్టం నుంచీ కూతురు సమాన వారసురాలే. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారతీయ వారసత్వ చట్టంలోనూ కొడుకూ కూతురూ సమానమే.

ఇన్ని వున్నా క్షేత్రంలో కనిపిస్తున్నది హక్కు విడుదల దస్తావేజు. తండ్రి పోయిన తర్వాత పొలం అన్నదమ్ముల పేరు మీదికి మారాలంటే అక్కచెల్లెళ్ళ సంతకాలు కావాలి. పండక్కి పిలిచి, చీర పెట్టి, సంతకం పెట్టించుకుంటారు. పెట్టనంటే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుంది. రేపు భర్తతో గొడవైతే ఎక్కడికి వెళ్ళాలన్న భయం ఆ సంతకాన్ని పెట్టిస్తుంది. దీన్ని అజ్ఞానం అనడానికి లేదు. ఆ పరిస్థితిలో ఆమె వేసుకున్న లెక్క అది.

ఆ ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను ప్రత్యేకంగా క్రియల్ని గమనిస్తూ వచ్చాను. పొలం గురించి అడిగితే మగవాళ్ళు "మా నాన్న తరఫున నాకు రెండెకరాలు వచ్చింది" అంటారు. ఆడవాళ్ళు "మా నాన్న పసుపుకుంకుమ కింద అరెకరం ఇచ్చాడు" అంటారు. ఒకే తండ్రి, ఒకే పొలం. అతనికి 'వచ్చింది'. ఆమెకు 'ఇచ్చారు'. వచ్చినదానికి ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కర్లేదు. ఇచ్చినదానికి జీవితాంతం తల వంచాలి. పైగా ఇచ్చినదాన్ని పసుపుకుంకుమ అన్నాక అది సౌభాగ్యంతో ముడిపడింది. 2019లో డ్వాక్రా సంఘాల సభ్యులకు పదివేల రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఆ పథకానికి పెట్టిన పేరు కూడా 'పసుపు-కుంకుమ'. ఆ సంఘాల్లో వితంతువులున్నారు, ఒంటరి స్త్రీలున్నారు. డబ్బు వాళ్ళకూ అందింది. పేరులో మాత్రం వాళ్ళకు చోటు లేదు.

పంచుకోవడానికి పొలమే లేని ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఈ చర్చ కొన్ని కులాల ఆడవాళ్ళకే పరిమితమవుతుంది. ఇందుకు పల్నాడు కవే సాక్షి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. పితృస్వామ్యం చెప్పే లెక్క ప్రకారం బిడ్డకు తండ్రి కులం రావాలి. కానీ ఊరు జాషువకు తల్లి కులాన్నే ఇచ్చింది, దానితోపాటు అంటరానితనాన్ని ఇచ్చింది. ఆస్తి దగ్గర తండ్రిని చూస్తారు, అవమానం దగ్గర తల్లిని చూస్తారు. 1941 నాటి 'గబ్బిలం'లో జాషువ తన కథానాయకుణ్ణి అరుంధతి కొడుకుగా పరిచయం చేశాడు. పెళ్ళిలో ప్రతి వధువుకూ ఆదర్శంగా చూపించే నక్షత్రం అరుంధతి. మాదిగలు తమ తల్లిగా చెప్పుకునే పేరు కూడా అదే. ఆకాశంలో వున్న అరుంధతికి మొక్కి, ఆమె బిడ్డల్ని ఊరి బయట పెట్టిన సమాజాన్ని ఆ ఒక్క మాటతో జాషువ నిలదీశాడు. తండ్రి పేరుతో కాకుండా తల్లి పేరుతో ఒక మనిషిని గౌరవంగా నిలబెట్టడం ఎలాగో మన కవిత్వానికి అలా నేర్పాడు. ఆయన కూతురు హేమలతా లవణం జోగిని ఆచారానికి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పని చేయడం, అంటే ఆడపిల్లను 'అంకితం' చేయడాన్ని ఆపడానికి పూనుకోవడం, నాకు ఆ మాటకు కొనసాగింపుగానే కనిపిస్తుంది.

భూమిలేని ఇళ్ళలో 'భర్త', 'భార్య' అన్న మాటల అర్థం రోజూ తలకిందులవుతూనే వుంటుంది. మిరపకోతల కాలంలో తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి పొలాలకు వెళ్ళే ఆడవాళ్ళలో ఇల్లు పోషిస్తున్నవాళ్ళు ఎందరో. ధాత్వర్థం ప్రకారం చూస్తే వాళ్ళే భర్తలు. కానీ రికార్డుల్లో వాళ్ళు ఫలానావారి భార్యలు. 'రైతు' అనే మాట అరబ్బీ 'రయ్యత్' నుంచి వచ్చింది, పాలితులు అని అర్థం. ఆ మాటకు లింగం లేదు. అయినా కౌలు భూమిలో భర్తతో సమానంగా కష్టపడ్డ ఆమె, అతను అప్పులతో పురుగుమందు తాగి చనిపోయిన మర్నాడు 'రైతు భార్య' అవుతుంది, రైతు కాదు. అప్పు మాత్రం ఆమె దగ్గరికి నేరుగా వస్తుంది. అక్కడ ఎవరూ లింగభేదం పాటించరు.

కాబట్టి మన పనిలో మాటల్ని పైపై విషయంగా వదిలేయకూడదని నా అభిప్రాయం. పాత కావ్యాలను తగలబెట్టమని అనడం లేదు. మల్లన్ననూ చదవాలి, ముద్దుపళనినీ చదవాలి, జాషువనూ చదవాలి. ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి పక్షాన నిలబడిందో తెలుసుకుని చదవాలి.

కార్యకర్తలకు మూడు సూచనలు చేస్తాను. చట్టాల శిక్షణ తరగతి పెట్టినప్పుడు మొదటి గంట మాటలకు ఇవ్వండి. తమ ఊళ్ళో ఆడపిల్ల గురించి, పెళ్ళి గురించి, పొలం గురించి వాడే మాటలు, సామెతలు ఆడవాళ్ళ చేతే చెప్పించి రాసుకోండి. 'ఆడ పిల్ల' శ్లేషను వాళ్ళే విడగొడతారు. రెండోది, మనం రాసే అర్జీల్లో, మన సంఘాల రిజిస్టర్లలో ఆమె పేరు ముందు రాయండి. తండ్రి లేదా భర్త పేరు అడిగే గడి వున్నచోట తల్లి పేరుకు కూడా చోటు అడగండి. పొలంలో పని చేసే ఆమెను రైతు అని, కూలికి వెళ్ళే ఆమెను వ్యవసాయ కార్మికురాలు అని రాయండి. మూడోది, వాటా గురించి మాట్లాడేటప్పుడు క్రియ మార్చండి. "మీ నాన్న మీకేమైనా ఇచ్చాడా?" అని అడిగితే జవాబు పసుపుకుంకుమ దగ్గరే ఆగిపోతుంది. "మీ నాన్న ఆస్తిలో మీకు ఎంత వచ్చింది?" అని అడగండి.

ఆ ప్రశ్నకు మొదట మౌనమే వస్తుంది. నా అనుభవంలో ఆ మౌనం తర్వాత ఆడవాళ్ళు ఎకరాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. సర్వే నంబర్లు, గట్లు, బావిలో వంతు, ఇవన్నీ వాళ్ళకు గుర్తే. 'హక్కు' అనే అరబ్బీ మాటకు సత్యమనే అర్థం కూడా వుంది. సత్యాన్ని ఒకరు ఇంకొకరికి దానం చేయరు. అది వున్నదని ఒప్పుకుంటారు, అంతే.